పడని ప్లేట్లు

ఇప్పుడు నా చేతిలో సుద్దముక్క ఉంటోంది గానీ, డిగ్రీ చదివే రోజుల్లో రైఫిల్ ఉండేది. ఈ మాట స్టాఫ్ రూములో అన్నప్పుడల్లా తోటి టీచర్లు ముందు నా చెయ్యి వైపు, తరువాత నా నడుము వైపు చూసి, "మీరా మేడం!" అనేసి క్యారేజీ మూత తీసుకుంటారు. వాళ్ల తప్పేం లేదు. నాకే ఒక్కోసారి నమ్మకం కలగదు. ఆ వయసులో చేసినవన్నీ ఎవరో దూరపు చుట్టం చేసినట్టు ఉంటాయి. ఆ అమ్మాయిని తలుచుకుంటే కాస్త గర్వం, కాస్త సిగ్గు కలుగుతాయి గానీ, అన్నిటికంటే ఎక్కువగా నోట్లోంచి "అయ్యో" అనే మాట వస్తుంది. నేను చెప్పబోయేది ఆ అయ్యో గురించే. మధ్యలో మీకు నవ్వు వస్తే మొహమాటపడకండి, నేనేమీ అనుకోను.

నేను తుపాకీ పట్టడానికి కారణం దేశభక్తి కాదు, పూరీలు. మా కాలేజీలో ఖాకీ బట్టలు వేసుకుని పరేడు చేసే క్యాడెట్లకి, పరేడు అయ్యాక వేడివేడి పూరీలు, బంగాళాదుంప కూర పెట్టేవారు. మా ఇంట్లో నాన్న మిషన్ స్కూల్లో లెక్కల టీచరు, అమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఇద్దరికీ నూనె వస్తువులు పడవు. (పడవంటే ఒంటికి కాదు, మనసుకి.) అలా పూరీల కోసం చేరిన నన్ను ఒక క్యాంపులో బోర్లా పడుకోబెట్టి చేతికి రైఫిల్ ఇచ్చారు. ఏ పనైనా సరే, పడుకుని చెయ్యమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమే కాబట్టి కంగారుపడలేదు. కాల్చినవన్నీ వెళ్లి నల్ల చుక్కలోనే దిగాయి. ఆ క్యాంపు అధికారి మా ఇంటికి వచ్చి మరీ, "మీ అమ్మాయి చెయ్యి వణకదండీ" అని నాన్నతో చెప్పారు. లెక్కల్లో నాకొచ్చే మార్కులు చూసి తలొంచుకోవడం అలవాటైన నాన్న, ఆ రోజు మొదటిసారి నా వల్ల తలెత్తుకుని, మర్నాడే స్కూటర్ మీద తీసుకెళ్లి రైఫిల్ క్లబ్బులో చేర్పించారు.

క్లబ్బంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. రాజమండ్రి దాటాక కోరుకొండ రోడ్డులో, గ్రావెల్ తవ్వేసి వదిలేసిన గొయ్యి అది. మూడు వైపులా ఎర్రమట్టి గోడలు నిలువుగా లేచి ఉండేవి కాబట్టి గుండు బయటికి పోయే దారి లేదు. నాలుగో వైపు రేకుల షెడ్డు, అందులో ఒక బీరువా, ఒక బల్ల, ఒకే ఒక్క ఫ్యాను. క్లబ్బు ఛైర్మన్ గారికి రైసు మిల్లు ఉంది. తుపాకుల మీద ఆయనకున్న ప్రేమ ఫొటో దిగేంతవరకే. పనంతా చూసేది మా కోచ్, మేమంతా మాస్టారనేవాళ్లం. పెద్దాపురం మనిషి. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరై వచ్చారు. సన్నగా పొడుగ్గా ఉండేవారు, మీసాలు మాత్రం ఎవరో లావుపాటి మనిషివి తెచ్చి పెట్టుకున్నట్టు ఉండేవి. ఎండైనా వానైనా తెల్ల చొక్కానే. కోపం వస్తే హిందీలో మొదలుపెట్టేవారు గానీ, రెండో మాటకే పెద్దాపురం వచ్చేసేది.

కాగితపు టార్గెట్లు కాక మా క్లబ్బులో ఐదు ఉక్కు ప్లేట్లు ఉండేవి. అన్నం తినే పళ్లెమంత గుండ్రంగా, కింద చిన్న పాదంతో. ఇనప పట్టీ మీద వాటిని వరసగా నిలబెడతారు. గుండు తగిలిందంటే టంగుమని మోగి వెనక్కి పడిపోతాయి. ఆ మోత విన్నాక కాగితం మీద ఎంత బాగా కాల్చినా చప్పగానే ఉంటుంది. కానీ ఆ ప్లేట్లు మాస్టారి ప్రాణం. పోలవరం పనుల్లో రాళ్లు మోసి మోసి మూలపడిన ఒక డంపరు అడుగు రేకుని ఆయన పాత సామాన్ల కొట్టులో కనిపెట్టారట. అంత రాళ్ల దెబ్బకే అరగని ఉక్కు కదా అని కొన్నారు. గ్యాసుతో కోస్తే ఆ వేడికి అంచులు మెత్తబడిపోతాయని వైజాగ్ తీసుకెళ్లి నీటి ధారతో కోయించారు. లారీలో వేయడానికి మనసొప్పక, పాసింజరు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. (ఐదూ కలిపితే ఒక బియ్యం మూటంత బరువుంటాయి, ఒళ్లో అంతసేపు ఎలా పెట్టుకున్నారో నాకు తెలీదు. ఆయన మాత్రం ఒళ్లోనే అనేవారు.)

చేరిన రోజునే నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "అమ్మడూ, తుపాకీ సంగతి తర్వాత. ముందు ప్లేట్ల సంగతి విను. కాల్చే చోట గీసిన గీత దాటి ఒక్క అడుగు ముందుకొచ్చినా ఒప్పుకోను. చిన్న రైఫిలు తప్ప ఇంకోటి వీటి ఎదురుగా సంచిలోంచి తియ్యకూడదు. పెద్ద తుపాకీ గుండు తగిలితే గుంట పడిపోద్ది. గుంట లేని ప్లేటుకి తగిలిన సీసం చితికి కింద ఇసకలో దిగిపోతాది. గుంట పడ్డ ప్లేటు అలా కాదు, తిప్పి మన మొహం మీదకే పంపుద్ది. తెలిసిందా?" తెలిసిందన్నాను. ఇంతవరకూ ఆయన చెప్పిందంతా న్యాయమే, మా అందరి క్షేమం కోసమే.

అక్కడి నుంచి ముందుకెళ్తే మాత్రం క్షేమం కాదు, మమకారం. మధ్య ప్లేటుకి ఎక్కువ దెబ్బలు తగులుతాయని రోజూ వాటి వరస మార్చేవారు. "ఇది నిన్నంతా తిన్నది, దీన్ని చివర పెట్టండి" అనేవారు. సాయంత్రం కాగానే మా చేత పొడిగుడ్డతో తుడిపించి, పల్చగా నూనె రాయించి, తన సైన్యం కంబళిలో చుట్టి షెడ్డులో పెట్టేవారు. గోదావరి గాలికి ఇనుము ఇట్టే తుప్పు పడుతుందని, ఉన్న ఒక్క ఫ్యానూ వాటి వైపే తిప్పి ఉండేది. మే నెలలో మేం చెమటలు కక్కుతూ అట్టముక్కలతో విసురుకునేవాళ్లం, ప్లేట్లు మాత్రం హాయిగా గాలి పోసుకునేవి.

మా అమ్మకి ఈ ప్లేట్ల గోల అర్థమయ్యేది కాదు.

"ఆ చేతులేంటే, అంత నల్లగా ఉన్నాయి?"

"ప్లేట్లు తుడిచానమ్మా."

"ఇంట్లో తిన్న ప్లేటు తియ్యమంటే వంద వంకలు పెడతావు. అక్కడికెళ్లి ఊళ్లోవాళ్ల ప్లేట్లు తుడుస్తున్నావా? ఏవండీ, విన్నారా?"

"అవి తినే ప్లేట్లు కాదు, కాల్చే ప్లేట్లు" అన్నారు నాన్న పేపరు పక్కన పెట్టి.

"కాల్చేవాటిని తుడవడం దేనికండీ?"

నాన్న మళ్లీ పేపరు తీసుకున్నారు.

ఆ ప్రశ్నకి జవాబు మాకూ తెలీదు. ప్రపంచంలో ఏ కోచ్ అయినా శిష్యుల గురి కుదిరితే పొంగిపోతాడు. మా మాస్టారు గురి తప్పితే ఊపిరి పీల్చుకునేవారు. ప్లేటు మోగిన ప్రతిసారీ ఆయన భుజం చిన్నగా అదిరేది, ఎవరో తన పిల్లని పట్టుకుని మొట్టినట్టు. "బాగా కొట్టావమ్మా" అని నోటితో అంటూ, కళ్లతో మాత్రం ఆ ప్లేటుకి ఎక్కడ తగిలిందో వెతుక్కునేవారు. నా గుండు మట్టిలో దిగిన రోజున, "పర్లేదమ్మా, పర్లేదు, అలవాటవుద్ది" అని ఎంతో ప్రేమగా మాట్లాడి టీ కూడా తెప్పించేవారు. మా గురి బాగుపడింది ఆయన పాఠం వల్లనే గానీ, ఆ టీ కోసం మేం అప్పుడప్పుడు కావాలని తప్పేవాళ్లం కూడా.

ఒకసారి భీమవరం వైపు నుంచి రొయ్యల చెరువుల పెద్దాయన ఒకరు ఛైర్మన్ గారి స్నేహితుడినంటూ వచ్చారు. ఆయన కారు వెనక సీట్లో, లైసెన్సున్న పెద్ద రైఫిలొకటి మనిషిలా పడుకుని ఉంది. "మీ దగ్గర ఉక్కు ప్లేట్లున్నాయంట కదండీ. చెరువు గట్టు మీద కాలిస్తే చప్పుడు తప్ప ఏం కనపడట్లేదు. రెండు దెబ్బలు కొట్టి పోతాను" అన్నారు. మాస్టారి మీసాలు వాలిపోయాయి. కాదంటే ఛైర్మన్ గారికి కోపం, అవునంటే ప్లేట్లకి గుంటలు. ఆయన చప్పున కంబళి మూట వైపు చూసి, "ఎంత పని జరిగిందండీ! నిన్ననే సానకి పంపించాం. మీరు ముందు కూర్చోండి, ఎండన పడొచ్చారు" అని చెయ్యి చాపారు. షెడ్డులో ఉన్న ఒక్క కుర్చీ మీద రైఫిళ్ల సంచులున్నాయి. ఆ పెద్దాయన చుట్టూ చూసి, మూలనున్న కంబళి మూట మీద దర్జాగా కూర్చున్నారు. కూర్చుని టీ తాగారు, రొయ్యలకి వచ్చే తెల్లమచ్చ జబ్బు గురించి చెప్పారు, ఇంకో టీ తాగారు. మాస్టారు చేతులు కట్టుకుని, "ఆయ్, అలాగండీ, ఆయ్" అంటూ నిలబడ్డారు. వెళ్లేటప్పుడు ఆయన లేచి నడుము పట్టుకుని, "మీ దిండు చాలా గట్టిగా ఉందండీ, మార్పించండి" అన్నారు. కారు గొయ్యి దాటి రోడ్డెక్కేదాకా ఓర్చుకుని, మేం నేల మీద దొర్లి నవ్వాం. మాస్టారు మాత్రం నవ్వకుండా కంబళి విప్పి ఒక్కొక్కటే తీసి చూసుకున్నారు, వంగిపోయాయేమోనని.

నేను డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా మా క్లబ్బుకి ఒక వార్త వచ్చింది. విజయవాడ నుంచి ఒక కోచ్ మేడం వచ్చి పోటీ పెట్టి, గోదావరి జిల్లాల నుంచి ఒక్కరిని ఎంచుకుని, అక్కడి శిక్షణ శిబిరానికి తీసుకెళ్తారట. తిండి, హాస్టలు, రైఫిలు అన్నీ వాళ్లే చూస్తారు. పోటీ మా గొయ్యిలోనే, మా ప్లేట్ల మీదే. ఐదు గుండ్లు, ఐదు ప్లేట్లు. పడితేనే లెక్క. ఇంట్లో ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్న తేల్చి చెప్పారు. "ఇదొక్కటి చూద్దాం. వస్తే వెళ్లు, నేను అడ్డు చెప్పను. రాకపోతే బీఎడ్‌లో చేరాలి. సరేనా?" సరేనన్నాను. నాకు వస్తుందని నాకే కాదు, అందరికీ తెలుసు. అప్పటికి నేను ఆ ప్లేట్లని పడుకుని కాల్చినా, మోకాళ్ల మీద కాల్చినా ఒక్కటీ మిగిలేది కాదు. మా పాస్టరు గారు ముందు ఆదివారమే ప్రార్థనలో, "మా బిడ్డ గురి కుదిరేలా చూడు ప్రభువా" అని కలిపేశారు. పోటీ కూడా ఆదివారమే పడటంతో, ఒంట్లో బాగోకపోతే తప్ప ఏనాడూ ఆరాధన మానని అమ్మ, నా కోసం చర్చి మానుకుని వస్తానంది. మా ఇంట్లో అది చిన్న విషయం కాదు.

పోటీ వారం ఉందనగా తుఫాను పట్టింది. ముసురంటే ముసురు కాదు, గొయ్యంతా ఎర్రటి చెరువైపోయింది. షెడ్డు రేకులు కారి, కంబళి తడిసి, ప్లేట్ల మీద అక్కడక్కడ తుప్పు చుక్కలు లేచాయి. మాస్టారు ఆ చుక్కలు చూసి, ఇంట్లో పిల్లలకి అమ్మవారు పోసినట్టు బెంబేలెత్తిపోయారు. గరుకు కాగితం పెట్టి రుద్దారు, కిరసనాయిలు పెట్టి తుడిచారు. వాన తగ్గాక మళ్లీ తేలాయి. "విజయవాడ నుంచి పెద్దావిడ వస్తుంటే ఈ మొహాలతో నిలబెడతామా?" అని ఒకటే బాధ. చివరికి కాకినాడలో ఉన్న ఆయన బావమరిది గుర్తొచ్చాడు. వాళ్లది సముద్రంలో వేటకెళ్లే కుటుంబం. ఉప్పునీళ్లలో నానే పడవకి వేసే రంగు కంటే గట్టి రంగు ఎక్కడుంటుంది? మాస్టారు బస్సెక్కి వెళ్లి ఒక డబ్బా తెచ్చారు. నీలం రంగు. శనివారం మధ్యాహ్నం మమ్మల్నందరినీ ఇంటికి పంపేసి, ఒక్కరే కూర్చుని, ఐదు ప్లేట్లకీ ముందూ వెనకా, పాదాలకీ, ఆ పాదాలు నిలబడే ఇనప పట్టీకీ కూడా, రెండేసి పూతలు వేశారు. వేసి, ఆరడానికని వాటిని పట్టీ మీదే వరసగా నిలబెట్టి ఇంటికెళ్లారు.

ఆదివారం పొద్దున మబ్బు విడింది. మేం వెళ్లేసరికి ఎర్రటి గోడ ముందు ఐదు నీలం చందమామలు మెరుస్తున్నాయి. నిజం చెప్పాలంటే ఎంత అందంగా ఉన్నాయో! విజయవాడ మేడం కూడా, "మీ టార్గెట్లు భలే ఉంచుకున్నారండీ" అని మెచ్చుకున్నారు. మాస్టారు మీసం మీద చెయ్యి వేసుకుని, "ఆయ్, ఏదో మా ఓపిక మేరకండీ" అన్నారు. ఆయన్ని అంత సంతోషంగా నేను అంతకు ముందు చూడలేదు, తరువాత అసలే చూడలేదు.

చీటీ తీస్తే మొదటి వంతు నాకే వచ్చింది. పడుకున్నాను. గాలి లేదు. ఊపిరి సగం వదిలి నొక్కాను. తగిలింది. తగిలినట్టు నా భుజానికి తెలుసు, చెవికి తెలుసు. రోజూ వినే టంగు కాదు గానీ, దబ్బుమని ఏదో మెత్తటి మోత. ప్లేటు మధ్యలో బూడిదరంగు మచ్చ కనిపిస్తోంది. ప్లేటు మాత్రం పడలేదు. సరే, తరువాతిది చూద్దామని రెండోదాన్ని కొట్టాను. దబ్బు. పడలేదు. మూడోది, నాలుగోది, ఐదోది. ఐదింటికీ నడిబొడ్డున మచ్చలు, ఐదూ నిటారుగా నిలబడి, ఏమైనా అన్నారా అన్నట్టు నా వైపు చూస్తున్నాయి. మా వెనక కుర్చీలో కూర్చున్న ఛైర్మన్ గారు, "ఏంటండీ, అమ్మాయి బాగా కాలుస్తుందన్నారు?" అన్నారు.

మేడం రైఫిళ్లన్నీ ఖాళీ చేయించి కింద పెట్టించి, మాస్టారితో కలిసి ప్లేట్ల దగ్గరికి నడిచారు. వేలితో ఒకదాన్ని తోశారు. కదల్లేదు. అరచేత్తో తోశారు. కదల్లేదు. పైన గట్టిగా ఆరినట్టు కనిపించిన పడవ రంగు, ఆ తడి గాలికి పాదాల కింద మాత్రం ఆరక, జిగురై, ప్లేట్లని పట్టీకి అతికించేసింది. మేడం వెనక్కొచ్చి న్యాయంగానే చెప్పారు. "లోపం టార్గెట్లది, అమ్మాయిది కాదు. వాటిని విడదీశాక ఈ అమ్మాయి మళ్లీ కాల్చొచ్చు." అమ్మ పక్కనుంచి, "దేవుడున్నాడు" అంది. కథ ఇక్కడితో అయిపోవాల్సింది. నేను మళ్లీ ఐదూ కొట్టి, విజయవాడ రైలెక్కి ఉండాల్సింది.

కానీ వాటిని విడదీయాలి కదా. మాస్టారు గునపం తెచ్చారు. మిగతావాళ్లు సాయానికి వెళ్తే, "మీరు ముట్టుకోకండి, గీతలు పడతాయి" అని అప్పుడు కూడా కసిరారు. గునపం మొన గుడ్డలో చుట్టి, పాదం కింద పెట్టి, మెల్లగా ఎత్తారు. రంగు బెల్లం పాకంలా సాగింది, ప్లేటు రాలేదు. ఇంకాస్త ఎత్తారు. ఉన్నట్టుండి అది ఊడి వచ్చి, మాస్టారు దాన్ని గుండెలకి హత్తుకుని వెల్లకిలా ఇసకలో పడ్డారు. లేచేసరికి తెల్ల చొక్కా మీద గుండ్రటి నీలం ముద్ర. అది చూసి ఛైర్మన్ గారు, ఫొటోల కోసం వేసుకొచ్చిన కొత్త లాల్చీతోనే వెళ్లి, రెండో ప్లేటుని రెండు చేతులా పట్టుకుని లాగారు. ప్లేటు రాలేదు, ఆయన చేతులు కూడా రాలేదు. "ఏవండీ, ఇది వదలట్లేదండీ" అని ఆయన అరుపు. "లాగకండి, లాగకండి, చర్మం పోద్ది" అని మాస్టారు. పోద్దన్నది ఛైర్మన్ గారి చర్మమో ప్లేటు చర్మమో ఎవరికీ తెలీదు.

ఎలాగో ఐదూ విడిపోయాయి. కిరసనాయిలుతో పాదాలు తుడిచి మళ్లీ నిలబెట్టారు. నేను పెదవి కొరుక్కుని, బిగబట్టుకుని, వెళ్లి పడుకున్నాను. ఇంకేం పర్లేదు అనుకుంటుండగా మాస్టారు నా పక్కకొచ్చి గొంతుక్కూర్చుని, చెవి దగ్గర మెల్లగా, "అమ్మడూ, కంగారు పడకు. ఏం జరగలేదనుకో. ఊపిరి మీద ధ్యాస పెట్టు" అన్నారు. నేను తలతిప్పి చూశాను. ఆ చూడటమే చూశాను. ఆయన మీసం ఒక వైపంతా నీలంగా ఉంది. చెమట తుడుచుకున్నప్పుడు అంటిందేమో. ఆ సగం నీలం మీసం వెనక ఆయన కళ్లు ఎంత గంభీరంగా ఉన్నాయంటే, నా కడుపులో ఎక్కడో పుట్టిన నవ్వు ఇంక ఆగలేదు.

పడుకుని నవ్వాపుకోవడం ఎంత కష్టమో మీరెప్పుడైనా చూశారా? కింద పరిచిన చాప మీద ఆనించిన పొట్ట ఎగిరెగిరి పడుతుంది, దానితో భుజాలు, దానితో చేతులు. చెయ్యి వణకదని ఊరంతా పేరు తెచ్చుకున్న నేను, జెల్లీలా ఊగిపోయాను. మొదటి గుండు ఎర్రమట్టిలో దిగింది. రెండోది కూడా. మొహం చాపలో దాచుకుని, ఏదైనా విషాదకరమైన విషయం తలుచుకుందామని బీఎడ్‌ని తలుచుకున్నాను. కాస్త తగ్గింది. రెండు ప్లేట్లు పడ్డాయి. ఇంకొకటి ఉంది కదా అని ఊపిరి తీసుకుంటే, వెనక నుంచి ఛైర్మన్ గారు, "ఎవరైనా కొంచెం సబ్బు తెండయ్యా" అన్నారు. అయిపోయింది. ఆ గుండు ఎటు పోయిందో ఇప్పటికీ నాకు తెలీదు.

నేను చాపలో తల దూర్చి అలాగే ఉండిపోయాను. నా భుజాలు అదురుతుంటే చూసినవాళ్లంతా, పాపం, వెక్కివెక్కి ఏడుస్తోందనుకున్నారు. అమ్మ పరుగున వచ్చి తల నిమిరి, "ఏడవకమ్మా, ఏడవకు" అంటూ నా మొహం తన వైపు తిప్పుకుంది. చూసింది. గట్టిగా గిల్లి, "నవ్వుతున్నావా? నోరు మూసుకో, అందరూ జాలి పడుతున్నారు" అని చెంగుతో నా మొహం కప్పేసింది. అమలాపురం కుర్రాడొకడు నాలుగు పడగొట్టి విజయవాడ వెళ్లాడు. మంచి కుర్రాడు, నాకు చాక్లెట్ కూడా ఇచ్చాడు.

అసలు ఏడుపు ఇంటికెళ్లి బట్టలు మార్చుకుంటుంటే వచ్చింది. జేబులోంచి బయటపడ్డ ఆ చాక్లెట్ చూశాక, అప్పటిదాకా నాకు తమాషాగా ఉన్నదంతా పోటీ అని, దాని మీద నా బతుకు ఉందని అర్థమైంది. అమ్మ ఆ పూట పూరీలు వేసింది, మా ఇంటి చరిత్రలో మొదటిసారి. తినలేకపోయాను.

మర్నాడు క్లబ్బుకి వెళ్లాను. మాస్టారు షెడ్డు బయట కూర్చుని ప్లేట్ల మీది రంగు గీకుతున్నారు. మీసాలు తీసేశారు. రంగు వదలకనో, ఇంకెందుకో అడగలేదు. ఆ మొహం నాకు తెలీని మనిషిదిలా ఉంది.

"మాస్టారూ, మీరేం బాధపడకండి. నేను ఏడవలేదండీ నిన్న. నాకు నవ్వొచ్చింది. నవ్వాపుకోలేక తప్పాను."

ఆయన గీకడం ఆపలేదు. "నువ్వు మంచిపిల్లవమ్మా. అందుకే అలా అంటున్నావు."

"ఒట్టండీ. మీ మీసం చూసి."

"మొదటిసారి ఐదుకి ఐదూ నడిబొడ్డున కొట్టావు. నేను చూశాను కదా. ఆ దెబ్బకి మనసు విరిగింది, అందుకే రెండోసారి చెయ్యి వణికింది. ఎన్ని చూళ్లేదమ్మా నేను. వీటికి గీత పడకుండా చూసుకున్నాను, పిల్ల సంగతి చూసుకోలేదు."

నేను ఎంత చెప్పినా నమ్మలేదు. చెప్పేకొద్దీ ఆయన కళ్లు తడయ్యేవి, ఎంత పెద్దమనసు ఈ పిల్లది అని. నిజం చెప్పినప్పుడు అది జాలి కబురులా వినిపిస్తే ఇంక చెయ్యగలిగిందేమీ ఉండదని అప్పుడే తెలిసింది. నెల తిరక్కుండా తాళాలు ఛైర్మన్ గారి చేతిలో పెట్టి ఆయన పెద్దాపురం వెళ్లిపోయారు. ఛైర్మన్ గారు ఉండమని బతిమాలారు. (ఆయన లాల్చీ పాడైనందుకు ఒక్క మాట కూడా అనలేదు, అది చెప్పుకోవాలి.) మాస్టారు వినలేదు.

ఆయన లేకపోయేసరికి ప్లేట్లకి అడ్డు చెప్పేవాళ్లు లేకపోయారు. చెరువుల పెద్దాయన మళ్లీ వచ్చి, గీత దాటి ముందుకెళ్లి, పెద్ద రైఫిలుతో తనివితీరా కాల్చారట. చందమామలకి మచ్చలు కాదు, గుంటలే పడ్డాయి. ఆ తరువాత ఎవరో చిన్న రైఫిలుతో కాల్చిన గుండు ఆ గుంటలో తగిలి తిరిగొచ్చి, ఛైర్మన్ గారి కారు అద్దం పగలగొట్టింది. కారులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ భయానికి క్లబ్బు మూసేశారు. ఇప్పుడు ఆ గొయ్యి పూడ్చి ఇళ్ల స్థలాలు వేశారు. క్లబ్బు మూసేనాటికి నేను బీఎడ్‌లో చేరి, పిల్లల మనస్తత్వం మీద నోట్సు రాసుకుంటున్నాను.

కొన్నేళ్ల తరువాత మావారికి పెద్దాపురం బదిలీ అయింది. ఆషాఢంలో అక్కడ మరిడమ్మ జాతర నెలంతా జరుగుతుంది. మా అమ్మాయి జెయింట్ వీల్ ఎక్కుతానని పేచీ పెడితే ఒక సాయంత్రం వెళ్లాం. జనంలో సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కాతో ఒకాయన సంచి పట్టుకుని వెళ్తున్నారు. మీసాలు మళ్లీ పెంచారు గానీ నెరిసి పల్చబడ్డాయి. "మాస్టారూ" అని అరిచాను. ఆయన ఆగి, నన్ను పోల్చుకుని, ముందు నవ్వి, వెంటనే ఆ నవ్వు దించేసుకున్నారు. నేను టీచరునయ్యానని, ఇది మా పాప అని, వీరు మావారని చెప్పాను. అన్నీ విని, "అంతా బాగుందా అమ్మడూ?" అని అడిగారు. బాగుందండీ అన్నాను. నమ్మినట్టు లేదు.

పక్కనే బెలూన్లు కాల్చే బండి ఉంది. చెక్కకి వరసగా కట్టిన రంగురంగుల బెలూన్లు, ఒక వంకర తుపాకీ. నాకొక ఆలోచన వచ్చింది. నేను సరదాగా, హాయిగా కాలుస్తుంటే చూస్తే, ఈ మనిషి గుండెల్లోంచి ఆ బరువు దిగుతుంది కదా! "మాస్టారూ, చూడండి" అని తుపాకీ తీసుకున్నాను. ఆయన చేతులు ఊరుకోలేక దాన్ని ఒకసారి అందుకుని, గొట్టంలోకి చూసి, "ఇది ఎడమకి లాగుద్ది. కాస్త కుడికి పట్టు" అన్నారు. పట్టాను. ఊపిరి సగం వదిలాను. ఒక్కొక్క బెలూనూ ఠప్పు ఠప్పుమని పేలిపోయింది. పాప చప్పట్లు కొట్టింది. బండివాడు, "చాలు మేడం, నా యాపారం ఉండనీండి" అన్నాడు. నేను గర్వంగా మాస్టారి వైపు తిరిగాను.

ఆయన కళ్ల నిండా నీళ్లు.

"చూశావా అమ్మడూ. ఇన్నేళ్లు తుపాకీ పట్టకపోయినా ఇంత గురి. ఆ రోజు నేను ఆ రంగు పుయ్యకుండా ఉండుంటే నువ్వెక్కడో ఉండేదానివి."

ఆయన పాప తల మీద చెయ్యి పెట్టి, కండువాతో మొహం తుడుచుకుని, వెళ్లొస్తానన్నారు. వెనక నుంచి చూస్తే ఎప్పటిలాగే నిటారుగా నడుస్తున్నారు. జనంలో కలిసిపోయారు.

స్కూటర్ మీద ఇంటికి వస్తుంటే, ఆ పోటీ సంగతంతా నా నోట ఎప్పుడో విన్న మావారు మెల్లగా అన్నారు, "ఒక్కటైనా తప్పి ఉండాల్సింది కదే."

"అనుకున్నానండీ. రెండోదాని దగ్గరే అనుకున్నాను. చెయ్యి వినలేదు."

మా ఇద్దరి మధ్యా పాప నిద్రపోయింది. ఒక చేత్తో పాపని పట్టుకుని, రెండో చెయ్యి ముందుకి చాపి చూసుకున్నాను. సుద్దపొడికి పగిలిన వేళ్లు, ఒక పాత గాజు. బండి గతుకుల్లో పడుతున్నా అది వణకడం లేదు. వణకాల్సిన చోట వణక్కుండా, వణక్కూడని చోట వణికి, ఏమీ ఎరగనట్టు నా వైపు చూస్తోంది. దాన్ని చూసి, ఏం చేస్తాం, చిన్నగా నవ్వుకున్నాను.